దగ్గు

సజ్జా క్యాంపుల పదకొండో నంబరు రూము.
మూడంతస్తుల మంచాల నడుమ
దుబ్బరాజం ఫోన్ల
మాట్లాడుకునే జాగ ఒకటి కడుతుండు.

పాత గ్రూపుల
నాలుగు నెలల జీతం ముచ్చట
గుడ్ మార్నింగ్ పూల కింద పడి కనవడకుంట పోయింది.
కులం మీద కొట్లాడి
సగంమంది బయటికి దుంకిన్రు.

అందుకే ఇది.
ఒక్కపారి ఒక్క ముచ్చటే.
సదువు రానోళ్లకు గొంతు చాలు.
ఒకసారి మాట్లాడినోడు
పదిమంది మాట్లాడేదాక ఆగాలె.
పేరుండదు, మంచం నంబరుండదు:
క్యాంపు బాసు చెవులెంత పొడుగో మాకెర్క.

మొదటి రాత్రి ఒక గొంతు:
"సోమవారం బస్సెక్కద్దు."
ఎనుక చిన్న దగ్గు.

అందరం గుర్తుపట్టినం.
ఆశన్న. తొమ్మిదేండ్ల సిమెంటు దగ్గు.
పేరు తీసినం గని
దాన్ని ఎట్ల తీస్తం?

దుబ్బరాజం ఫోను బోర్లేసి కూసున్నడు.
ఏసీ నీళ్లు బకెట్ల బొట్టుబొట్టు.

మూడు గంటలకు ఇంకో గొంతు.
మాట లేదు.
రెండుసార్లు దగ్గి ఊకున్నది.
ఆ ఎనుక ఇంకోటి. కింది మంచంలకెల్లి ఇంకోటి.

నాకు దగ్గు రాదు.
ఊరికెల్లి తెచ్చుకున్న ఆఖరి బీడీ ముట్టిచ్చి
బటను ఒత్తిన.