గుర్తు పడని పెట్టె

కర్నూలు పెద్దాసుపత్రి, పిల్లల వార్డు, పదకొండో మంచం.
మద్దిలేటికి రెండేళ్లు,
పిడికిలి విప్పితే సగమే విచ్చుకుంటుంది.
వాళ్లమ్మ సుంకులమ్మ, పత్తికొండ మండీలో
టమోటా పెట్టెలకు రంగుముద్రలేసే కూలి.

గాల్జీ అనే మాట
నా నోటిదాకా వచ్చి ఆగింది.

ఆమె సద్దిగుడ్డలో జొన్నరొట్టెలు, ఒకదాని మీదొకటి.
కణంలో కూడా ఇట్లాగేనమ్మా, అన్నాను,
కేంద్రకం పక్కన
కాస్త వంగిన పలచటి సంచులు, ఓ ఐదారు.
అడుగున కొత్తది చేరేకొద్దీ
పైదాకా ముదిరినది
బుడగలు బుడగలుగా విడిపోతుంది.
పనిముట్లు మాత్రం చిన్న బుడగలెక్కి
వెనక్కి, తమ వరసకు తాము, దిగుతాయి.
(ఇది నాకు నేను చెప్పుకున్నాను.
ఆమె పిల్లాడి కాళ్లు ఒత్తుతోంది.)

పచ్చి ప్రోటీను ఈ మొగాన దిగుతుంది.
ఒకచోట చక్కెరకొమ్మ తుంచుతారు,
ఇంకోచోట అతుకుతారు.
ఆ మొగాన దారులు చీలతాయి:
కొంత కణం అంచుకు, కొంత బయటికి,
కొంత, చెత్త అరిగించే కొట్టుకు.
ఆ కొట్టుకు పోవలసినదానికి ఒక ముద్ర పడాలి.
చక్కెర మీద చిటికెడు ఫాస్ఫేటు.
అంతే.
మీవాడికి అది పడలేదు.

"రంగు లేని పెట్టె
మద్రాసు లారీ ఎక్కాల్సింది యాడికో పోతాది సార్."

అవునమ్మా.
వాడి నెత్తురులో దండిగా దొరికాయి,
పని తెలిసినవే, పనిచోటు తెలియనివి.
కొట్టులో చెత్త పేరుకుంటోంది.
కీళ్లలో, చిగుళ్లలో, గుండె కవాటంలో.

ఆమె తన గోళ్లు చూసుకుంది. సందున ఎర్రరంగు.
"దినానికి నాన్నూరు పెట్టెలు.
ఒగటి గూడా ఇడ్సలేదు సార్ నేను."

ఉరుకుందు గోడవైపు తిరిగాడు.
వాడి తండ్రి, ఆమెకు మేనమామ.
రెండువైపుల నుంచీ వచ్చింది ఒకే తప్పని
రెండో పేజీలో ఉంది.
ఆ పేజీ తిప్పలేదు.

ముద్ర వేసేది నువ్వు కాదమ్మా.
ఆ చేతికో పేరుంది, నోరు తిరగనిది.

"ఇప్పుడెయ్యొచ్చా మరి?"

నేను మాట వెతుక్కుంటుండగా
మద్దిలేటి వంకరవేళ్లు రొట్టె అంచుకు తగిలాయి.
ఆమె ఒక తునక తుంచింది.
తన నోట వేసుకుని
చాలాసేపు నమిలి, నమిలి,
మెత్తగా
వాడి నోట్లో పెట్టింది.