ఐదు, పది, పదిహేను

టెక్కలి ఎక్స్ఛేంజి మేడ మీద, రాత్రి రెండున్నర.
సోంపేట వైపు ఎవరిదో కొత్త పెట్టె
"లోకంలోని దారులన్నీ నా గుమ్మంలోంచే" అని
ఒకటే చాటింపు.
నమ్మేసిన రౌటరు
జిల్లానంతా ఆ ఇరుకు సందులోకి తోలేస్తోంది.

జల్లెడ కట్టాలి.
చిరునామా అంతా చదవదిది, ముందు ముక్క చాలు.
ఆ చదవడం నాకు తెలుసు.
హాస్టల్లో చేరిన రోజు
వార్డెను కలం ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది,
నా పేరు దాకా రాలేదు.

ఐదు: రానీ.
పది: రానీ.
పదిహేను: వద్దు.
ఎంటర్ కొట్టాను. చాటింపు ఆగింది.
ఫ్యాను చప్పుడు మళ్లీ వినపడింది.

నాలుగు నిమిషాలకి ఫోను.
మందస ఆసుపత్రి నుంచి అసిరితల్లి సిస్టరు:
"నెట్టు పోయిందమ్మా. పెద్ద డాక్టరుకి ఈసీజీ ఎల్లట్నేదు.
మీ లిస్టులో మేం నేమేటి?"

లేరు.
వద్దని రాయలేదు నేను,
రాయడం మర్చిపోయానంతే.
ప్రతి జాబితా అడుగునా కనపడని గీత ఒకటుంటుంది,
ఇందులో లేనివాళ్లకి లేదు అని.
తుఫాను బియ్యం పంచిన రోజు
మా అమ్మ ఖాళీ సంచి మడుచుకుని
ఆ గీత దగ్గర్నుంచే తిరిగొచ్చింది.

పని నేర్పిన తవిటయ్య మాస్టారు
అంకెల్ని ఐదేసి చొప్పున దూకించేవాడు.
ఎందుకంటే,
"మర్సిపోయినోళ్లు ఎనకొస్తారు గదే,
కూకోడానికి జాగా ఉండాల."

ఏడు, అని కొట్టాను.
రానీ.

"ఎల్తంది, ఎల్తంది" అంటోంది అసిరితల్లి.
ఎవరిదో గుండె
ఎగుడుదిగుడు గీతగా
పలాస దాటి, మా మేడ కిందుగా పోతోంది.