అప్పగింతలు

రాజీనామా కాగితం రెండు వరుసలే.
ముప్పై రోజులు పని చేసి పొమ్మన్నారు.

మర్నాటి నుంచి ఆటోనగర్ ఆఫీసులో
నేను బతికుండగానే పటమయ్యాను.
నా కుర్చీ పోయి కుంటి స్టూలొకటి వచ్చింది.
టీ ట్రే నా బల్ల ముందు వంపు తిరిగి వెళ్ళేది.
మస్తాన్ మాత్రం జనరేటర్ వెనక
తన గ్లాసులో సగం నాకు ఒంపేవాడు, మాట్లాడకుండా.

"నిన్ను మనిషిని చేసిందెవడ్రా" అని
అద్దాల గదిలోంచి కేకేసినప్పుడల్లా
క్యాలెండర్ కేసి చూసేవాణ్ణి.
పదిహేడు. పదహారు.
ఆదివారాలు కూడా లెక్కే.

ఇరవయ్యో రోజున కంకిపాడు నుంచి ఓ కుర్రాడొచ్చాడు.
హేమసుందర్. కొత్త చొక్కా, కొట్లో మడతలింకా పోలేదు.
లెడ్జర్లు అప్పగించాను, మొండి బాకీలు,
లారీ డ్రైవర్ల నంబర్లు,
మొరాయించే డ్రా. కొంచెం పైకెత్తి లాగాలని చూపించాను.
"సార్ ఎలాంటోరన్నా?"
అద్దం వెనక నీడ కదిలింది.
"లెక్కలు జాగ్రత్త" అన్నాను.
ఆరేళ్ళ కిందట నాకూ ఒకాయన
సరిగ్గా ఈ మాటే చెప్పి
బ్యాగు భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్ మూడుసార్లు మర్చిపోయారు.
నాలుగోసారి చేతికొచ్చేసరికి చీకటి పడింది.

రామవరప్పాడు రింగు దగ్గర ఫోను మోగింది.
ఒళ్ళు అలవాటుగా నిటారైంది.
వాడే. గొంతు బాగా తగ్గించి,
"అన్నా, డ్రా రావట్లేదు."

నా బస్సు వచ్చింది. ఎక్కలేదు.
"పైకెత్తి లాగు" అన్నాను.
ఆ తర్వాత, ఆ రోజు మింగిన మాటను
గొంతులోకి తెచ్చుకుని,
"అప్పటికీ రాకపోతే
వదిలేసి వచ్చెయ్."