మొదటి గడిలో సి

కార్డు మొదటి గడిలో సి అని కొడితే చాలు,
కంపైలర్ ఆ వరుసను చూడనట్టే దాటిపోతుంది.
యంత్రానికి అక్కర్లేని మాటకి
అదొక్కటే దారి.
పాత పుస్తకాల్లో అరసున్నలా,
రాసి ఉంటుంది, పలకం.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది,
హడ్సన్ నది గడ్డకట్టిన ఫిబ్రవరి.
మూడో అంతస్తులో, రేడియేటర్ పక్కన
థెల్మా ఆస్ట్రాండర్ టైపు కొడుతోంది
"రెండో దశ: పట్టికలు."
నాలుగు కార్బన్ కాగితాలు, వేళ్ళకి ఊదా రంగు.

యంత్రం తన కోడు తనే రాసుకుంటుందంటే
కింది అంతస్తు పాతకాపులు నమ్మలేదు.
"చేత్తో రాసినంత బిగువు రాదు, పందెం."
పైన పదకొండు మంది రాస్తున్నారు,
ఎవరి గది వాళ్ళది, ఎవరి దశ వాళ్ళది.
సూత్రాలు విప్పేవాడికి లూపుల సంగతి తెలీదు.
లూపులు చూసే లైల్ ప్రెండర్గాస్ట్‌కి
పక్కగది వాడికి పెళ్ళయిందో లేదో కూడా తెలీదు.
అందరిదీ తెలిసింది థెల్మాకే.
అర్థమవుతుందని ఎవరూ అనుకోలేదు గనక
ఎవరూ ఏదీ దాచలేదు.

"అరవై మూడో పేజీలో నలభై వరుసలన్నారు,
డెబ్బై ఒకటిలో ముప్పై తొమ్మిదంటారు.
ఏది కొట్టమంటారు?"
లైల్ నోట్లోంచి పైపు తీసి నవ్వాడు.
"ఏది అందంగా ఉంటే అది."

మార్చిలో, రాత్రి రెండింటికి,
గంటకి మూడొందల డాలర్లు మింగే యంత్రంలో
నలభయ్యో వరుస వెళ్ళి
పక్క పట్టికలో పడుకుంది.
జవాబులన్నీ సున్నాలు.
పదకొండు మందీ తొమ్మిది రోజులు వెతికారు.
పదో రోజు లైల్ పైపు లేకుండా వచ్చి
ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.
"ఏ పేజీ అన్నావు?"

ఆ ఫైలు ఇప్పుడు నా ఒళ్ళో ఉంది.
నేలమాళిగ, తడి అట్ట వాసన,
తుప్పు పట్టిన మూడు రింగులు.
యంత్రం ఎప్పుడో తూకానికి పోయింది.
టేపుల్ని చదివేది లోకంలో ఏదీ లేదు.
మిగిలినవి, అది చదవకుండా దాటేసినవే:
"ఇది ఎందుకు పనిచేస్తోందో తెలీదు. తీసెయ్యకండి."
"ఇక్కడ లైల్‌ని అడగండి."
ఎక్కడని అడగను?

అరవై మూడో పేజీలో నలభై కొట్టేసి ఉంది.
పైన, పెన్సిలుతో, ముప్పై తొమ్మిది.
అంచున చీమంత అక్షరాలు: టి. ఓ.
పక్కన తేదీ.
వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూశాను,
ఫిబ్రవరి పంతొమ్మిది.