మైనస్ నలభై

ఫెయిర్‌బ్యాంక్స్‌లో డిసెంబరు సూర్యుడు
ఆలస్యంగా వచ్చి, హాజరుపట్టీలో సంతకం పెట్టి,
తొందరగా ఇంటికెళ్ళిపోయే గుమాస్తా.
మధ్యాహ్నం మూడింటికే వీధిదీపాలు.
సైనిక స్థావరం చివర, బట్టలుతికే యంత్రాల గది పక్కన
నా ఆఫీసు:
ఒక బల్ల, రెండు కుర్చీలు,
మంచు బూట్లు కారడానికి ఒక రబ్బరు పళ్ళెం.
చదువు కోసం వచ్చినవాళ్ళు
ముందు వాళ్ళ బూట్లకేసి చూసుకుంటారు,
తర్వాత నాకేసి.

సార్జెంట్ తవీటా సగపోలు
పుట్టింది సమోవాలో, పగడపు రాళ్ళ ఒడ్డున.
ఇక్కడ, గడ్డకట్టిన లారీలకు వైద్యుడు.
ప్లాస్టిక్ సంచీలోంచి నాలుగు కాగితాలు తీసి
పేకముక్కల్లా పరిచాడు.
టెక్సస్‌లో రెండు టర్ములు.
జర్మనీలో ఒకటి, సగంలో బదిలీ.
కొరియాలో ఒక వేసవి.
కువైట్‌లో, ఇసుక తుఫానుకి నెట్ పోయి
తప్పిన చరిత్ర పరీక్ష.
"పదకొండేళ్ళు మేడమ్.
ఒక కాలేజీవి ఇంకో కాలేజీలో చెల్లవట."

నాలుగు దేశాల చిల్లర జేబులో గలగలలాడుతున్నా
ఎక్కడా టీ నీళ్ళు కొనుక్కోలేని మనిషి.

నేను దయగలదాన్నేం కాదు. ఫారాలు నింపేదాన్ని.
ఆ ఏడు కొత్త ఒప్పందం ఒకటి వచ్చింది:
నది అవతలి కాలేజీ
సైన్యం నేర్పిన పనిని కూడా చదువే అంటుందట.
ఇలాంటివి చాలా చూశాను, రంగు కాగితం మీద బాగుంటాయి.
అయినా ఫోన్ చేశాను.
ఇంగ్‌బోర్గ్ అని ఎవరో, జలుబు గొంతు.
"డీజిల్ శిక్షణ ఎన్ని వారాలు?"
పదమూడు.
కీబోర్డు మీద వాన చినుకులు.
"తొమ్మిది క్రెడిట్లు. ఇంకేమున్నాయి అతని దగ్గర?"

ఇంకేం తక్కువయ్యాయి అని అడిగే గొంతులే
ఇరవై ఏళ్ళుగా విన్న చెవి నాది.
రిసీవరు ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

చివరికి మిగిలింది లెక్కలు.
పగలంతా గేరుబాక్సులు, రాత్రి బీజగణితం.
రెండు వారాలు అడవిలో శిక్షణ, సిగ్నల్ లేదు;
ప్రొఫెసరు పరీక్ష వెనక్కి జరిపాడు,
మళ్ళీ జరిపాడు,
మూడోసారి విసుక్కుని, జరిపాడు.

పరీక్ష నా గదిలోనే. కాపలా నేనే.
గోడ అవతల ఎవరివో యూనిఫారాలు గిరగిరా తిరుగుతున్నాయి.
ఏడో ప్రశ్న దగ్గర అతను ఫక్కున నవ్వాడు.
సెల్సియస్, ఫారన్‌హీట్
ఏ అంకె దగ్గర ఒకటవుతాయి?

అతనికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది!
ఆ అంకె దగ్గర డీజిల్ పేరిన నెయ్యి.
తలుపు పిడి అరచేతి తోలు పీక్కుంటుంది.
జవాబు ముందే రాసేశాడు.
కానీ మెట్లు చూపించాలి కదా,
మార్కులు మెట్లకే.
చేతులకు ఏనాడో తెలిసిన చోటికి
పెన్సిలుతో నడిచి చేరడానికి
నలభై నిమిషాలు పట్టింది.
రెండుసార్లు రబ్బరుతో చెరిపాడు. ఒకసారి కాగితం చిరిగింది.

పట్టా వచ్చేసరికి అతను లేడు, లూసియానాకు బదిలీ.
అట్ట గొట్టం నా బల్ల మీద
వారం రోజులు గొడుగులా ఆనుకుని నిలబడింది.
ఫోన్ చేస్తే, "విప్పి చదవండి మేడమ్" అన్నాడు.
వెనకాల లారీ ఏదో దడదడలాడుతోంది.
చదివాను: తవీటా సగపోలు.

కాసేపు ఊరుకున్నాడు.
"సంగపోలు, మేడమ్. మా దీవిలో అలా పలుకుతాం."

రెండేళ్ళు.
అతని క్రెడిట్లు ఒక్కటీ పోకుండా ఏరినదాన్ని
అతని పేరులోంచి ఒక సున్నా మింగేశాను.
ఒక్కసారైనా దిద్దలేదేం అని అడగబోయి
అడగలేదు.

"మళ్ళీ చదవనా?"
"చదవండి. ఉండండి, ఒక్క నిమిషం."
అటువైపు ఎవరినో కేకేశాడు.

ఇంజిను ఆగింది.