మూతలు

నా చేతిలో ఒక లెక్కమర,
బొటనవేలి కింద చిన్న మీట.
మనిషి ఆగితే ఒక నొక్కు,
సరుకు ముట్టుకుంటే రెండు,
బుట్టలో వేస్తే మూడు.

కెచ్‌కెమేట్ శివారు సూపర్‌మార్కెట్లో
జామ్ సీసాల వరుసకు ఎదురుగా
సరుకు సర్దే పిల్లలా నిలబడతాను.
ఏప్రన్ కొట్టువాళ్ళది,
జీతం బుడాపెస్ట్ కంపెనీది.

మనుషులు చాలావరకు మేం అనుకున్నట్టే ఉంటారు.
కళ్ళ ఎత్తున ఉన్నదే అందుకుంటారు.
చంకలో బిడ్డ ఏడుస్తుంటే రేటు చూడరు.
జంటగా వస్తే ఖరీదైనది ఒకరు ఎత్తుతారు,
ఇంకొకరు ఏమీ అనకుండా దించుతారు.
దించడానికి మా ఫారంలో గడి ఉంది.
అనకపోవడానికి లేదు.

గురువారం పదిన్నరకు ఒక ముసలాయన.
గోధుమరంగు కోటు,
జేబు కుట్టిన దారం మాత్రం నీలం.
ఏడు నిమిషాలు. నలభై సీసాలు, అన్నీ ఆప్రికాట్.
ఒక్కో మూత మీద బొటనవేలు ఆనించి,
చెవి కాస్త వంచి,
పక్కదానికి జరుగుతాడు.
ఎప్పుడో ఒకటి
అరమర లోపలికంటా నెట్టి బోర్లిస్తాడు.
ఒక బన్నూ పాలడబ్బా కొనుక్కుని వెళ్ళిపోతాడు.

నేను రాశాను: తేల్చుకోలేని కొనుగోలుదారు.
మరుసటి వారం: ధరకు జంకు.
మూడో వారం, కాస్త ధైర్యం చేసి: ఒంటరితనం.
ఆ మాట పై ఆఫీసుకు తెగ నచ్చింది.
దానికొక స్లైడు చేశారు,
మీద ఆయన వీపు,
నా ఫోన్లో నేను తీసిందే.

ఆ మీటింగులోనే మేనేజర్ ఫెహేర్ లేచి చెప్పాడు:
మిగతా ఆరు కొట్లకూ బూజు పట్టిన జామ్ తిరిగొస్తోంది,
మనకు ఏడాదిగా ఒక్క ఫిర్యాదూ లేదు.
కారణం ఆయనకు తెలుసు.
స్టాఫ్ గది గోడకు తానే అంటించిన
'ఈ కొట్టు మన ఇల్లు' పోస్టరు.
చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.
ఒకరు మొదలెడితే చేతులు వాటంతటవే లేస్తాయి,
ఆ లేవడాన్ని లెక్కపెట్టేవాళ్ళు
ఆ గదిలో ఎవరూ లేరు, నాతో సహా.

సరుకు సర్దే జొంబోర్‌ని అడిగాను,
బోర్లించినవి చెత్తబుట్టలో ఎందుకేస్తున్నావని.
"రూలు" అన్నాడు.
ఎవరు పెట్టారు?
"ఏమో, నేను చేరకముందు నుంచీ ఉంది."

నాలుగో గురువారం లెక్కమర జేబులో పడేసి
ముసలాయన పక్కన నిలబడ్డాను.
ఏం వెతుకుతున్నారు?
పని మధ్యలో పలకరించినవాళ్ళని
చూసే చూపు చూశాడు.
"ముప్ఫైయొక్క ఏళ్ళు, మూడో లైను, చిట్టచివర."
తర్వాత, మూడు సీసాలు దాటాక,
"ఫ్యాక్టరీ మూసేశారు. సీసాలకి మూతలు పెట్టడం మానలేదు కదా."

నా వేలు పట్టి ఒక మూత మీద పెట్టాడు.
కదలలేదు. రాయిలా ఉంది.
ఇంకోదాని మీద పెట్టాడు.
టిక్.
"గాలి దూరింది. ఇది ఎవరింటికీ పోకూడదు."
నా జేబులోని మీట చప్పుడూ అచ్చం అదే.
ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

పేరు దెజో అట. పేరు రాయలేదు.
ఆగిన కారణం అన్న గడిలో
ఆ రాత్రి రాశాను: పని.
తెల్లారేసరికి ఫారం తిరిగొచ్చింది,
ఇచ్చిన వాటిలోనే ఎంచుకోవాలట.
ఇతరములు అని టిక్కు పెట్టాను.

ఈలోగా స్లైడు తన దారిన తాను నడిచింది.
ఒంటరివాళ్ళ కోసమని
జామ్ వరుస ముందు ఒక కుర్చీ వేశారు,
పసుపురంగు మెత్త, చిన్న బోర్డు:
'కూర్చోండి, కబుర్లు చెప్పుకుందాం.'

గురువారం పదిన్నర.
దెజో కుర్చీని ఒకసారి, బోర్డును ఒకసారి చూశాడు.
కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించాడు.
చేతులు మడుచుకుని
పై అర నుంచి మొదలుపెట్టాడు.

కింది అర ఆయనకు వంగడం కష్టం.
నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.