నడుమ ఎవరో

రాత్రి పదిన్నరకు కొల్లాపూర్ల కరెంటు మళ్ళొచ్చింది.
జిరాక్స్ దుకాణం షట్టర్ సగం దించి
రెండువందల పదిహేడు లింకుల ముందట కూసున్న.
మామిడికాయల తూకం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్,
ఎవరిదీ కాదు, అందరిదీ.
రాసినోళ్లు ఏడెనిమిది దేశాల్ల ఉంటరు,
మొహం చూసినోళ్లు నాకు ఒక్కరూ లేరు.

పని చిన్నది.
హెచ్‌టీటీపీ అని ఉన్నకాడల్లా
పక్కన ఒక ఎస్ పెట్టాలె.
ఒక్క అక్షరం. తలుపుకు గొళ్లెమంత.

నాయన మహారాష్ట్ర దిక్కు కాల్వపనికి పోయినప్పుడు
మేస్త్రీతోని పోస్టుకార్డు రాయించేటోడు.
కార్డుకు కవరుండదు.
సంచి మోసినోడు చదివేటోడు,
హోటల్ కాడ చాయ తాగేటోళ్లు చదివేటోళ్లు,
ఆఖరికి అమ్మకు చదివి వినిపించేది గుమాస్తా నర్సోజి.
పైసలూ ఆయన చేతికే వచ్చేటివి.
కార్డు మీద మూడొందలు.
నర్సోజి నోట్ల రెండొందలు.

అమ్మకు అక్షరం రాదు.
నాలుగో కార్డుకో, ఐదో కార్డుకో
దాన్ని ఎండకు పట్టి, అంకె మీద వేలు పెట్టి
"జనాభా లెక్కలోళ్లు మా దర్వాజ మీద రాసిపోయిన మూడు
గిట్లనే ఉన్నది గదా, సారూ?" అన్నదట.

నర్సోజి మరీ చెడ్డోడేం కాదు,
నాకు పలక కొనిచ్చిండు.
నడుమ ఉన్నోడు చెడ్డోడే కానక్కరలేదు.
నడుమ ఉంటే చాలు.

"ఒక్క కమాండు కొడితే అన్నీ మారుతయి గదక్కా"
అన్నడు పక్క కూల్‌డ్రింకుల ఫయాజ్, దుకాణం కట్టేసి పోతా.
మారుతయి.
మారినంక తెరుచుకుంటయా?

ఒక్కోటి తెరిచిన.
పదకొండింటికి తాళమే లేదు, లేదా
తాళం ఉండి గడువు దాటింది.
ఇరవైమూడు పలుకలే.
వాటికి ముందు ఒకటి, మండి ధరలు చూపాల్సిన పేజీ,
పేకాటకు రమ్మన్నది.
దానికి తాళం గుర్తు నిగనిగలాడుతున్నది!
నడుమ ఎవరూ లేరనే తాళం చెప్తది,
అవతల కూసున్నది ఎవరో చెప్పదు.
దాన్ని పీకి పారేసి
మండి కొత్త జాగ వెతికి పెట్టిన.

అమ్మమ్మ ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉన్నది.
ఎండకాలం నీళ్లు దిగితే గడపరాళ్లు తేలుతయి,
చాపలోళ్లు వాటి మీద వలలు ఆరేస్తరు.
ఊరు మునిగినంక గూడ కొన్నేండ్లు
ఆ పేరుమీద ఉత్తరాలొచ్చినయట,
పోస్టాఫీసుల ఎర్రసిరాతోని
"ముంపు" అని రాసి వాపసు పంపేటోళ్లు.
పలకని ఇరవైమూడింటి పక్కన
నేనూ అదే రాసిన.

కోడి కూసే యాళ్లకు
ఒక ఎస్ పెట్టంగనే మొత్తం ఆగిపోయింది.
తూకం లేదు, లెక్క లేదు.
గంటసేపు తల గోక్కున్న.
చూస్తే చిరునామా లెక్కనే ఉన్నది,
కానీ అది ఎటూ పోదు, ఎవరూ దాని వెంట పోరు.
అది పేరు.
తను ఏ ఇంటిదో ఆ ఫైలు చెప్పుకునే ఇంటిపేరు.

అమ్మ బుచ్చెమ్మ.
కంప్యూటర్ల ఎవరో పిలగాడు
తప్పనుకొని బుచ్చమ్మ చేసిండు.
మంచికే చేసిండు.
ఎనిమిది నెలలు పింఛన్ రాలే.

ఆ ఎస్ తీసేసిన.
కింద ఒక ముక్క రాసిన: ఇది పేరు, ముట్టుకోకుండ్రి.

పంపి ఇంటికొచ్చేసరికి
అమ్మ లేచే ఉన్నది.
"రాత్రంతా ఏం చేసినవే?"
"అక్షరాలు పెట్టిన."
"ఎన్ని?"
"నూట ఎనభై రెండు."
"చూసే పెట్టినవా, ఎవరన్న చెప్తే పెట్టినవా?"
"ఒక్కోటి తెరిచి చూసిన."

ఇంకేం అనలే.
గొళ్లెం తీసి
వాకిలి ఊడ్వ పోయింది.